ఎర్ర దారం జాయింటు

లక్ష్మణ్ అంటే నాకు కడుపుమంట. ఈ మాట నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు గానీ, తొండుపల్లి రోడ్డు మీద తిరిగే క్యాబ్ డ్రైవర్లందరికీ తెలుసు. ఇద్దరం కుర్మయ్య ఉస్తాద్ దగ్గరే కార్ల కరెంటు పని నేర్చుకున్నాం. అతనికంటే ఏడేళ్లు ముందు చేరినవాణ్ని నేను. అయినా ఇవాళ శంషాబాద్‌లో అద్దాల తలుపుల దుకాణం అతనిది, రేకుల షెడ్డు నాది. కారుకు తగిలించగానే రోగమేంటో తెర మీద చూపించే స్కానర్ అతని దగ్గర ఉంది. నా దగ్గర ఒక బల్బు, రెండు వైరు ముక్కలు ఉన్నాయి. పోయిన నెల మా ఆవిడ సరిత కూడా స్కూటీ హారన్ అతని దగ్గరే బాగు చేయించుకొచ్చింది. "మస్తు మర్యాద ఉన్నోడు, అక్కా అక్కా అనుకుంటనే చేసిచ్చిండు" అని నా ముందే పొగిడింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అలా కళ్ళల్లో నిప్పులు పోసుకుని బతుకుతుండగా, ఒక మధ్యాహ్నం జగదీశ్ కారు నా షెడ్డు ముందు ఆగింది. జగదీశ్‌ది కొత్తూరు. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఆరేళ్లు నా దగ్గరికే వచ్చినవాడు, రెండు నెలల కిందట వెనక కెమెరా పెట్టించుకోవడానికి మాత్రం లక్ష్మణ్ దగ్గరికి పోయాడు. అప్పటి నుంచి నాకు అతని మీద కూడా కోపమే.

వెనక లైట్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోందట. మొదట్లో డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడే పోయేదట, పొద్దుటి నుంచి లైట్ల స్విచ్ వేస్తే చాలు పోతోందట. చీకటి పడేలోగా బాగు చేసిమ్మన్నాడు. "మూడు దినాల కింద లక్ష్మణ్ సూసిండన్నా" అని ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆ పేరు చెవిన పడ్డాక మిగతాది వినబుద్ధి కాలేదు. చూసి చేతులెత్తేశాడన్నమాట. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నేను చూస్తాను, నువ్వు పోయి చాయ్ తాగిరా అని జగదీశ్‌ను పంపేశాను.

అతను అటు పోగానే, నీడకు కూర్చున్న ముగ్గురు డ్రైవర్లను కారు దగ్గరికి పిలిచాను. వాళ్లలో మధు ఒకడు. ఏది పాడైనా లక్ష్మణ్ దగ్గరికే పోదామనే రకం. "ఇగ సూడుండ్రి. అద్దాల దుకాణంల పని గిట్లనే ఉంటది" అన్నాను. లక్ష్మణ్ లాగిన కెమెరా వైరే ఎక్కడో ఇనుముకు తగిలి ఉంటుందని, ఇప్పుడే పట్టి చూపిస్తానని చెప్పాను. ఇది అతని తప్పని తేలితే సాయంత్రానికి డ్రైవర్ల వాట్సాప్ గ్రూపంతా తిరుగుతుంది. ఏళ్లుగా పోతూ వచ్చిన నా పేరు ఒక్క పూటలో తిరిగొస్తుంది. నాకు కావలసింది అదే.

కాలిన ఫ్యూజు తీసి ఆ చోట నా బల్బు తగిలించాను. ఇది ఉస్తాద్ నేర్పిన పద్ధతి. వైరు ఇనుముకు తగిలి ఉన్నంతసేపు బల్బు భగ్గున వెలుగుతుంది, తగులుడు పోగానే మసకబడుతుంది. స్విచ్ వేస్తే భగ్గుమంది. బల్బు మీదే కన్నుంచమని ముగ్గురినీ ముందు తలుపు దగ్గర నిలబెట్టి, వెనక్కి పోయి కెమెరా వైరు ఊడదీశాను.

"బల్బు గట్లనే ఉన్నది పాండన్నా" అన్నాడు మధు.

నాకు నచ్చలేదు. ఆ వైరును జానెడు జానెడు తడిమాను. మూల తిరిగిన ప్రతిచోటా గొట్టం తొడిగాడు, ఎక్కడా వదులు లేకుండా క్లిప్పులు కొట్టాడు. వంక వెతకబోతే చివరికి అతని పనితనం చూడాల్సి వచ్చింది. ఒళ్లు మండింది. ఆ మంటలోనే డిక్కీ పక్క అట్ట పీకి లోపల చెయ్యి పెట్టాను.

వేళ్లకు దారం తగిలింది. కుర్మయ్య ఉస్తాద్ శిష్యులం వైరు కలిపితే టేపు మీద దారం చుడతాం, ఎండకు టేపు ఊడిపోకుండా. ఎవరి రంగు వాళ్లది. ఇది ఎర్రది. ఎరుపు నాది. రెండేళ్ల కిందట డిక్కీలో అదనపు లైటు పెట్టింది నేనే. ఆ రోజు తొందరలో గొట్టం తొడగలేదు. సామాను ఒత్తిడికి జాయింటు రేకు అంచుకు రాసుకుని, టేపు చిరిగి, రాగి బయటపడింది. వేలితో ఇవతలికి జరిపాను.

బల్బు మసకబడిందని ముందు నుంచి ముగ్గురూ అరిచారు. నా చెయ్యి ఎక్కడుందో వాళ్లకు కనబడదు. గబగబా దారం తెంపాను. జాయింటుకు కొత్త టేపు చుట్టి, గొట్టం తొడిగి, అట్ట మూసేసి, తెంపిన దారాన్ని పిడికిట్లో దాచాను. అప్పుడే జగదీశ్ వచ్చి దొరికిందా అని అడిగాడు.

"దొరికింది. కెమెరా వైరే. లక్ష్మణ్ పని" అన్నాను, ముగ్గురికీ వినబడేలా.

జగదీశ్ నా మొహంలోకి వింతగా చూశాడు. "గట్లెట్లయితదన్నా? లక్ష్మణే గా అట్ట ఇప్పి నాకు సూపెట్టిండు. ఎర్ర దారం ఉన్నది, గిది పాండన్న జాయింటు, ఆయన్ని అడగకుండ నేను కొయ్య, ఆయన కాడికే పో అన్నడు. నాకే ఇయ్యాల్టి దాంక తీరలే."

ఒకరు కట్టిన దారం ఇంకొకరు అడగకుండా కోయకూడదు. ఉస్తాద్ మాకు మొదటి రోజే చెప్పిన మాట అది. నా పిడికిట్లోంచి ఎర్ర దారం కొస బయటికి వేలాడుతోంది, ముగ్గురు డ్రైవర్లూ అటే చూస్తున్నారు. విప్పక తప్పలేదు. "నాదే" అన్నాను. జగదీశ్ కొత్త ఫ్యూజు పెట్టుకుని, లైట్లు వేసి చూసుకుని, పోతున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

తప్పు బయటపడ్డందుకు సిగ్గుపడ్డాను, కాదనను. కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. నా తప్పు కళ్లారా చూసి కూడా లక్ష్మణ్ దాన్ని తప్పు అనలేదు, పాండన్న జాయింటు అన్నాడు. అతని చోట నేనుంటే ఆ దారం అక్కడికక్కడే కోసి, ఫోటో తీసి, గ్రూపులో పెట్టేవాణ్ని. ఇన్నాళ్లూ అతని దుకాణాన్ని చూసి ఏడ్చాను. ఇప్పుడు అతన్ని చూసి ఏడుస్తున్నాను.