ఒకే గడిలో రెండు చుక్కలు

ఆదివారం వస్తే తపేశ్వర్ నాకు బొమ్మలు పంపేవాడు. తొమ్మిదేళ్ల కూతురి పుస్తకంలోవి. త్రిభుజాలు తిరుగుతుంటాయి, గీతలు పెరుగుతుంటాయి, ఆ వరుసలో తర్వాత వచ్చే బొమ్మేదో చెప్పాలి. "భయ్యా, ఒక్కసారి చూసి చెప్పండి" అని కింద రాసేవాడు. కాలువ గేట్ల దగ్గర ఈ ఒంటిగది ఆఫీసులో రోజుకు మూడుసార్లు నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. పలకరించే మనిషి ఉండడు. వారం మొత్తానికి నాకొచ్చే కబురు అదొక్కటే. దానికోసం శనివారం నుంచే ఎదురుచూసేవాణ్ణని చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

ఆ బొమ్మలు తేల్చడం తపేశ్వర్‌కు చేతకాక కాదు. పాట్నాలో ఆరేళ్లు మా ఇద్దరిదీ ఒకే గది, ఒకే స్టవ్వు. పొద్దున ఐదున్నరకల్లా గంగ ఒడ్డున ఘాట్ మెట్ల మీద వందలమందితో కూర్చుని సర్కారు ఉద్యోగ పరీక్షల పాత ప్రశ్నపత్రాలు చేసేవాళ్లం. బొమ్మల వరుస దగ్గర పేచీ వస్తే అందరూ నా వైపు తిరిగేవాళ్లు. "బొమ్మల మాస్టారూ, తేల్చండి!" నేను తేల్చేవాణ్ణి. నా మాటకు ఎదురు లేదు. తపేశ్వర్ నెమ్మది, కానీ మాకెవరికీ తట్టనిది వాడికి తట్టేది. అది వాడికి తెలియదు, నాకు తెలుసు.

ఆరో ఏడాదితో నాకు వయసు దాటిపోతుంది. అదే ఆఖరి పరీక్ష. తపేశ్వర్‌కు ఇంకొక్కసారి రాసే వీలుంది. జవాబుల కీ వచ్చాక సరిచూసుకుంటే నాకు సరిగ్గా డెబ్బై ఎనిమిది, వాడికి డెబ్బై ఏడున్నర. కటాఫ్ డెబ్బై ఎనిమిది దగ్గరే ఆగుతుందని కోచింగ్ వాళ్లంతా ఒకే మాట అన్నారు.

మమ్మల్ని విడదీసింది నలభై ఏడో ప్రశ్న. ఎనిమిది గళ్ల చక్రం. అందులో ఒక నల్ల చుక్క, ఒక తెల్ల చుక్క. నల్లది ఒక్కో గడి కుడికి జరుగుతుంది, తెల్లది ఎడమకి. నాలుగో బొమ్మకు రెండూ ఒకే గడిలోకి వచ్చి చేరాలి. ఆ గడిలో నల్ల చుక్క ఒక్కటే ఉన్న బొమ్మ సరైనదని కీ చెప్పింది. నేను పెట్టిందీ అదే. తపేశ్వర్ రెండు చుక్కలూ పక్కపక్కన ఉన్న బొమ్మ పెట్టాడు.

కీ మీద పరీక్ష పెట్టినవాళ్లకు అభ్యంతరం రాసి పంపొచ్చు. రెండు జవాబులూ నిలుస్తాయని ఒప్పుకుంటే ప్రశ్న తీసేసి, కోసిన మార్కులు వెనక్కిచ్చి, అందరికీ ఆ మార్కు వేస్తారు. నాకు అది ముందే ఉంది, కొత్తగా కలిసేదేం లేదు. వాడు నన్ను దాటిపోతాడు. వాడితోపాటు వేలమంది దాటిపోతారు, కటాఫ్ పైకి జరుగుతుంది, నేను కిందే మిగిలిపోతాను.

సాయంత్రం ఐదింటికి గడువు. మధ్యాహ్నం నేను సత్తుపిండి కలుపుకుంటుంటే వాడు ప్రశ్నపత్రం పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"భయ్యా, నలభై ఏడు చూడండి. రెండూ ఒకే గడిలోకొస్తాయి, బానే ఉంది. మరి తెల్లది ఎటు పోయింది? గడిలో చోటుందిగా. రెండూ పట్టవా?"

కాగితం అందుకున్నాను. చూడగానే తెలిసింది. ఒకటి ఇంకోదాన్ని కప్పేయాలని ప్రశ్నలో ఎక్కడా లేదు. వాడిదీ సరైన జవాబే.

"నల్లది కప్పేస్తుందిరా," అన్నాను. "ముదురు రంగు పైనే ఉంటుంది. ఇది కూడా నేను చెప్పాలా?"

"అంతేనంటారా?"

"నీ కళ్లకు లేనివి కూడా కనిపిస్తాయి. అభ్యంతరమని రాసి నవ్వులపాలవకు."

వాడే ముందు నవ్వాడు. "మీరే అన్నాక ఇంకేముంది. నాకే తెలివి ఎక్కువైంది" అంటూ కాగితం మడిచేశాడు. ఇంకో ఉల్లిపాయ తరిగి నా పళ్లెంలో పెట్టాడు.

ఐదు దాటింది. నాకు ఉద్యోగం వచ్చింది. నా ట్రంకుపెట్టె స్టేషన్ దాకా వాడే మోసుకొచ్చాడు. వాడికి ఇంకో ఏడాది ఉందిగా అని రైలెక్కినప్పటి నుంచీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మరుసటి ఏడాది వాడు తప్పాడు. ఏమైందని అడిగితే, "బొమ్మలన్నీ వదిలేశాను భయ్యా" అన్నాడు. "ఏది చూసినా రెండేసి కనిపిస్తున్నాయి. నా కన్ను మీద నాకే నమ్మకం పోయింది. పక్కన మీరుంటే అడిగేవాణ్ణి." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు నయంగా ఉండేది. ఇప్పుడు వాడు సీవాన్‌లో ఎరువుల దుకాణం నడుపుతున్నాడు.

ఐదు వారాల కిందట బొమ్మ పంపి, వెంటనే ఫోన్ కూడా చేశాడు. ఒక ఆకు, రెండాకులు, నాలుగాకులు ఉన్న తీగ.

"పుస్తకంలో ఎనిమిదాకులని ఉంది భయ్యా. మా మొండిఘటం ఏడంటోంది. ఏడుస్తోంది గానీ మాట మార్చదు. మీరొక్క మాట చెప్పండి, నోరు మూస్తుంది."

వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "ముందు ఒకటి కలిపారు, తర్వాత రెండు కలిపారు, ఇప్పుడు మూడు కలపాలి కదా నాన్నా!"

ఎనిమిది అనేస్తే సరిపోయేది. వచ్చే ఆదివారం ఇంకో బొమ్మ వచ్చేది.

"పాపది తప్పు కాదు," అన్నాను. "రెండూ సరైనవే. తపేశ్వర్, ఆ నలభై ఏడు కూడా అంతే. నువ్వు సరిగ్గానే చూశావు."

పిల్లను కాసేపు ఆగమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ రోజు చూడగానే తెలిసిందా మీకు? తర్వాత తెలిసిందా?"

తర్వాత అని ఉంటే వాడు నమ్మేవాడు. నేనేం చెప్పినా నమ్మేవాడు. అందుకే అనలేకపోయాను.

"చూడగానే."

"సరే భయ్యా."

ఫోన్ పెట్టేయడం మరిచినట్టున్నాడు. పిల్లతో అంటున్న మాట వినిపించింది. "నువ్వు రాసింది అలాగే ఉంచమ్మా. కొట్టెయ్యకు."

ఆ తర్వాత ఈరోజుతో ఐదు ఆదివారాలు వెళ్లిపోయాయి. నేను చేస్తే ఎత్తుతాడేమో, కానీ ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియదు. ఈరోజు మూడోసారి నీటిమట్టం రాసి, ఫోన్ పక్కన పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను. బొమ్మ రాలేదు.