మా అత్తగారి తుంటి ఎముక

"అమ్మకు పనేముండాది? ఇంట్లోనే గదా ఉండేది," అన్నారు మా ఆయన రాఘవేంద్రప్రసాద్, కింద అంగడి తెరవడానికి పోతూ. నేను నా పరిశోధన ఫారంలో 'బరువు పని: లేదు' అని రాసేశాను.

కడపలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. మోసే బరువుకు ఎముక ఎక్కడ గట్టిపడుతుందో, ఎక్కడ సన్నగా చీలుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూస్తాను. విశ్రాంతి దొరికితే ఆ చీలికను ఎముక తనే పూడ్చుకుంటుంది. తుంటి నొప్పి అంటున్న మా అత్తగారు లక్ష్మీదేవమ్మ వివరాలూ అందులో వేశాను. పని లేక ఎముక పలచబడుతోందని తేలింది. నా చదువు ఇంటికి పనికొచ్చిందని పొంగిపోయి, రోజూ సాయంత్రం నడవమని ఆవిడకు చెప్పాను. పాపం, నొప్పితోనే నెల రోజులు నడిచారు.

ఆదివారాలు కూడా ల్యాబుకని, పొద్దున్నే మా ఊరు ఎర్రగుంట్లలో కడప బస్సెక్కేసేదాన్ని. బంద్ రోజున ఇంట్లో ఉండిపోయాను. ఎనిమిదింటికి కొళాయి వచ్చింది. ఆవిడ తడిచీరతో, చంకన బిందెతో మిద్దె ఎక్కుతున్నారు. మడినీళ్లు పనిమనిషి ముట్టకూడదు, మగవాళ్లు మోయరు. ఇరవై రెండు మెట్లు, పద్నాలుగు బిందెలు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

"మధ్యలో కాసేపు కూర్చోవచ్చు కదత్తయ్యా?"

"నేను కూర్చుంటే కొళాయి నిలబడతాదా పాపా? ముప్పై ఏండ్ల నుంచి ఇంతే."

ముప్పై ఏళ్ల బిందెలూ లెక్కలో వేశాను. విశ్రాంతి సున్నా. తెరమీద తుంటి దగ్గర చీలిక చూపే ఎర్రగీత పడింది. ఎక్కడో తప్పు చేశానేమోనని మూడుసార్లు చూసుకున్నాను. తప్పు ఫారంలో ఉంది, నా చేతిరాతతో.

మరునాడు మా ఆయనా నేనూ ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి, "ఎప్పుడు పడినావమ్మా?" అని అడిగారు.

"పడలేదు సార్."

"ఎముక చీలింది. ఇంకో వారమైతే విరిగిపోయేది. మూడు నెలలు మంచం దిగకూడదు. దీనితో నడవమన్నది ఎవరు?"

మగవాళ్లు అన్నారంటే అన్నారు. చదువుకున్న ఆడదాన్ని, అదే ఇంట్లో తింటున్నదాన్ని, ఆవిడకు పని లేదని నేనెలా రాశాను?

మా ఆయన ఎక్స్‌రే వైపు చూడనే లేదు. "మూడు నెలలు మంచం మీదంటే ఎట్ల? రేపు కొళాయి వస్తాది. మడినీళ్లు ఎవురు తెస్తారు?" అన్నారు, నా వైపు తిరిగి. అత్తగారూ నా వైపే చూశారు.

"పూజకు మీరూ మడి కట్టుకుంటారు కదా," అన్నాను. "నీళ్లు మీరే తెండి."