గడ్డిపువ్వుతో గ్రూప్ ఫోటో

కెమెరాకి టైమర్ పెట్టు నాన్నా, చెయ్యి తగలకుండా ఫోటో అదే కొడుతుంది అని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. వింటేనా. టైమర్ అన్నది గ్రూప్ ఫోటోలకట, తీసేవాడు కూడా అందులో ఉండాలనుకున్నప్పుడు పెట్టుకునేదట, చేతులున్న ఫోటోగ్రాఫర్‌కి దాంతో పనేమిటట. చేతులున్నాయి, కాదనను. అవే వణుకుతున్నాయి, అదీ గొడవ.

ఊళ్ళో ఆయన్ని అందరూ "కదలొద్దు బాబాయి" అంటారు. మా స్టూడియో స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ళకీ, చంటిపిల్లల నుంచి పోలీసాయన దాకా, "కదలొద్దు" అని చెప్పి బటన్ నొక్కిన మనిషి. అంతమందిని కదలకుండా కూర్చోబెట్టినవాడికి సొంత కుడిచెయ్యి మాట వినడం మానేసింది. ఇప్పుడు స్టూడియో నేను చూసుకుంటున్నాను. పాస్‌పోర్టు ఫోటోలు, చెవులు కనపడేలా జుట్టు వెనక్కి తొయ్యడాలు, అంతే. ఆయనేమో ఖాళీగా కూర్చోలేక పొలాల వైపు నడకకి వెళ్ళి, ఒకరోజు రొప్పుకుంటూ తిరిగొచ్చాడు.

"గడ్డి పూస్తుందే అమ్మడూ. నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. భూతద్దం చేతికిచ్చి, బరబరా లాక్కెళ్ళి చూపించాడు. గట్టు మీది గడ్డి కంకిలో ఆవగింజంత పొట్టు విచ్చుకుని ఉంది. అందులోంచి ఊదారంగు దారాలు దిగాయి, వాటి చివర పసుపు తిత్తులు ఊగుతూ పుప్పొడి రాలుస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దీన్నా నేను తొక్కుకుంటూ తిరిగింది అనిపించింది. కాస్త ఎండెక్కితే చాలు, ఆ పువ్వులన్నీ వాడిపోతాయి.

దాన్ని దగ్గర్నుంచి ఫోటో తియ్యాలని ఆయన పట్టుబట్టాడు. అంత దగ్గరికి వెళ్తే వెంట్రుకవాసి కదిలినా బొమ్మంతా మసకే. రోజూ పొద్దున్నే వెళ్ళడం, మసకబొమ్మలతో తిరిగి రావడం. ఈలోగా కంకులు పైనుంచి కిందికి పూసుకుంటూ పోయాయి. చివరికి గట్టు మొత్తం వెతికితే ఒక్క కంకికి, అదీ అడుగున, రెండు మూడు పువ్వులు మిగిలాయి. ఆ పొద్దున గుమ్మంలో చెప్పులేసుకుంటూ, ఏమీ లేనట్టే అన్నాడు. "ఇవాళ కూడా ఫోటో సరిగ్గా రాకపోతే కెమెరా నీకిచ్చేస్తానే. ఇక ముట్టను."

అమ్మ వింది. నన్ను పక్కకి పిలిచి, ఎలాగోలా వచ్చేలా చూడమంది. ఫోటో పోతే పోయింది, ఆ మనిషి ఉత్త చేతులతో కుర్చీలో కూర్చుని ఉంటే మేం చూడగలమా?

గట్టు మీద ఇసక సంచి వేసి, దాని మీద కెమెరా పెట్టి నాన్న బోర్లా పడుకున్నాడు. నేను కంకి కాడని బట్టల క్లిప్పుతో ఒక పుల్లకి పట్టించాను. అయినా అవతలి వైపు నుంచి గాలి విసురుతూనే ఉంది. పైగా కంకి వెనకాల తెల్లటి ఆకాశం, అందులో ఆ దారాలు కలిసిపోతున్నాయి. వెనక పెట్టాల్సిన నల్లగుడ్డ స్టూడియోలో మర్చిపోయి వచ్చింది నేనే. పోనీ చున్నీ పెడదామంటే అదీ తెలుపే. తల కూడా అక్కడే పెట్టి రాలేదు, సంతోషం అని నాన్న సణిగాడు.

నొక్కాడు, మసక. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మసకే. ఎండ గట్టు మీదికి వచ్చేసింది. మా కళ్ళ ముందే ఒక పువ్వు వేలాడేసుకుంది. ఆయన నుదురు ఇసక సంచికి ఆనించి కదలకుండా ఉండిపోయాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"పంతానికి పోయి పువ్వుని పోగొట్టుకుంటావా నాన్నా? ఫోకస్ నీది, బటన్ నీది. నువ్వు చెయ్యి తీశాక కొడితే మాత్రం అది నీ ఫోటో కాకుండా పోతుందా?"

తన చేతి వంక కాసేపు చూసుకున్నాడు. తర్వాత గొణుక్కుంటూ టైమర్ పెట్టాడు. రెండు చేతులతో ఫోకస్ సరిచేసి నొక్కాడు. కెమెరా ముందు ఎర్రదీపం టిక్కుటిక్కుమని మెరవడం మొదలైంది.

అంతే, దిగ్గున లేచాడు. మోకాళ్ళ నొప్పులన్న సంగతే మర్చిపోయి సంచిని చుట్టి అవతలికి పరుగెత్తాడు. సరిగ్గా కంకి వెనకాల నిలబడి, చొక్కా కిందికి లాక్కుని, గడ్డం పైకెత్తి, చక్కగా నవ్వాడు. మా ఇంట్లో ఏ ఫోటో తీసినా అంతే, టైమర్ నొక్కి పరుగెత్తుకొచ్చి అమ్మ పక్కన ఇరుక్కునేవాడు. ఎర్రదీపం మెరిస్తే ఆ కాళ్ళకి తెలిసింది అదొక్కటే.

నేను నోరు తెరిచేలోపు క్లిక్‌మంది.

తీస్తున్నది పువ్వుని కదా నాన్నా అన్నాను. అప్పుడు ఆయనకి తెలిసొచ్చింది. నవ్వు పోయి ముఖం చిన్నబోయింది. నేను విసురుగా కెమెరా అందుకుని, బొమ్మ పెద్దది చేసి చూశాను. చూసి కెవ్వున అరిచాను.

వెనకాల ఆకాశం లేదు. నాన్న ముదురు నీలం ప్యాంటు, ప్యాంటని కూడా తెలియకుండా, చీకటిలా పరుచుకుంది. దాని మీద ప్రతి దారం విడివిడిగా కనపడుతోంది. తిత్తి అంచున జారబోతున్న పొడి కూడా తెలుస్తోంది. గాలికి ఆయన కాళ్ళే అడ్డమయ్యాయి, పువ్వు ఇసుమంతైనా ఊగలేదు.

కెమెరా ఆయన చేతికిస్తే బొమ్మ వణికిపోతోందని, కింద నా చెయ్యి ఆనించాను. చాలాసేపు చూశాడు.

"ఆ వెనక నలుపు నేనేనా?"

"నువ్వే. నీ ప్యాంటు."

కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నాకూ వచ్చాయి, దాచడమెందుకు. ఇంకా ఒక పువ్వు విచ్చుకునే ఉంది.

"కెమెరా ఇలా తే," అన్నాడు. "ఇంకోటి తీద్దాం. ఈసారి నువ్వూ వచ్చి నిలబడు."

బటన్ నొక్కి, మళ్ళీ పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి నా చేతిలో గడగడా వణుకుతోంది. ఫ్రేములో పడేది మా కాళ్ళే కదా, వణికితే వణకనీ అనుకున్నాను.

"కదలొద్దు," అన్నాడు నాన్న.

నేను కదల్లేదు.