కొండదేవత లెక్కపెట్టే రోజు

కిసో కొండల్లోని సర్కారు అడవిలో మూడువందల ఏళ్ల హినోకి చెట్లను ముట్టుకోవద్దని పట్నంవాళ్లు, కొట్టకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదని కోతమిల్లులవాళ్లు ఏడాదిపాటు కొట్లాడుకుని, చివరికి మూడింట ఒకటి కొట్టొచ్చని ఒప్పందానికొచ్చారు. ఏది పోవాలో, ఏది ఉండాలో తేల్చే పని అటవీశాఖ ఉద్యోగిని చిగుసా మీద పడింది. కొట్టాల్సినదానికి తెల్ల రిబ్బను, ఉంచాల్సినదానికి పసుపుది. మంచు పడితే ఇక కొండెక్కలేరు. మిగిలింది ఒక్కరోజే, డిసెంబరు పన్నెండు.

"ఇవాళొద్దు అమ్మాయ్," అన్నాడు మత్సుజో, అడవి అంచున ఆగిపోయి. చెట్లు కొట్టే పనిలోనే ముసలివాడైన మనిషి. "ఇవాళ కొండదేవత తన చెట్లు లెక్కపెట్టుకుంటుంది. లోపల మనిషి కనిపిస్తే వాణ్ణీ చెట్ల లెక్కలోనే వేసేసుకుంటుంది."

"వేసుకోనీండి మత్సుజో గారూ. మా ఆఫీసరు నన్ను మనుషుల లెక్కలో వేసిందెప్పుడు గనక?" అని నవ్వి, ఆమె ఒక్కతే లోపలికి నడిచింది.

మధ్యాహ్నానికి పొగమంచు కమ్మింది. పక్షుల అలికిడి ఆగిపోయింది. అప్పుడు కింది వాలు నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. తొందర లేదు, కోపం లేదు. ఒక్కో అంకె పలుకుతూ పైకొస్తోంది. చిగుసా పరుగెత్తబోయింది. కాళ్లు నేలలో దిగబడినట్టు కదల్లేదు. ఒక అంకె పక్క చెట్టు దగ్గర వినబడింది. తర్వాతిది ఆమె చెవి పక్కనే. చల్లటి వేలు నుదుటిని తాకి, ఆలోచనలో పడ్డట్టు కాసేపు అక్కడే ఆగింది.

"చిగుసా! ఏయ్, చిగుసా!" మత్సుజో పొదలు తొక్కుకుంటూ వచ్చి ఆమె భుజం పట్టి లాగాడు. ఇద్దరూ పడుతూ లేస్తూ బయటపడ్డారు.

వెలుతురులో చూస్తే ఆమె మణికట్టుకి పసుపు రిబ్బను కట్టి ఉంది. ముసలాయన చేతికి తెల్లది.

"తీసి పారేయండి!" ఆమె ఏడుస్తూ ఆయన చేతి ముడి విప్పబోయింది.

"ఉండనీవే. నువ్వు కట్టేటప్పుడు చెట్లనడిగావా?" అన్నాడాయన మెల్లగా. "నాకు డెబ్భై ఎనిమిది. ఎంచమంటే నేనైనా నన్నే ఎంచుదును."

మంచు కరిగాక, ఏప్రిల్లో కోతలు జరిగాయి. తెల్ల రిబ్బనున్న చెట్లు తప్ప మరొకటి ముట్టనివ్వలేదు మత్సుజో. చివరిది కూలాక, దాని పక్కన కూర్చుని అన్నం ముద్ద సగం తిని, అలాగే ఉండిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు.

ఆ తర్వాత వేరే కొండల్లో రిబ్బన్లు కట్టే చిగుసా పని నెమ్మదించింది. రోజుకు నలభై చెట్లు చూసే మనిషి ఎనిమిదే చూస్తోందని ఆఫీసరు విసుక్కున్నాడు. ఒక్కో చెట్టు ముందూ నిలబడి, దాన్ని ఎందుకు కొట్టాల్సి వస్తోందో పైకే చెబుతున్నానని ఆయనతో ఎలా అంటుంది? కొన్నిటికి చెప్పడానికి కారణం దొరికేది కాదు. వాటికి పసుపు కట్టేది.