నాలుగు మెట్ల చక్రం

నూకరత్నం కుడిచేత్తో లాగి ఎడమచేత్తో వదిలింది. మళ్లీ ఎడమచేత్తో లాగి కుడిచేత్తో వదిలింది. ఆమె చేతుల్లోని తాడు ఎదురుగా ఉన్న మంచపుకోడు చుట్టూ రెండు మెలికలు తిరిగి ఉంది. ఆమె లాగినప్పుడల్లా ఆ టేకుకర్ర ఓసారి ఇటు, ఓసారి అటు తిరుగుతోంది. కర్రకు అవతల కూర్చున్న ఆమె భర్త రామకోటి, అది తనవైపు తిరిగినప్పుడు ఉలి ఆనిస్తున్నాడు, వెనక్కి తిరిగినప్పుడు ఎత్తి పట్టుకుంటున్నాడు. చెక్కపొట్టు అతని మోకాళ్ల మీద, కనుబొమల మీద పడుతోంది.

తాడేపల్లిగూడెంలో రైలుకట్ట అవతలి వీధికి పద్నాలుగేళ్లుగా ఆ చప్పుడుతోనే తెల్లవారుతోంది. తాటాకు పంచలో నేలలో పాతిన రెండు గుంజలు, వాటికి బిగించిన రెండు ఇనప మొనలు, ఆ మొనల మధ్య ఇరికించిన కర్ర, ఒక తాడు. వాళ్ల తరిమెన అంతే. కర్రను గుండ్రంగా తీసేవాడు రామకోటి, తిప్పేది నూకరత్నం. మంచపుకోళ్లు, కవ్వాలు, అప్పడాల కర్రలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఉయ్యాల స్తంభాలు. రామకోటి చేసిన ఉయ్యాల స్తంభాలకు గణపవరం, ఉండి ఊళ్ల నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

ఉలికి కర్రలోని ముడి ఒకటి తగిలింది. రామకోటి చెప్పలేదు. నూకరత్నం తనంతట తనే లాగుడు నెమ్మది చేసింది. ముడి దాటాక మళ్లీ పెంచింది. ఆ పెంచడంలో కుడిభుజం కలుక్కుమంది. పెదవి బిగించుకుని మరో పది లాగులు లాగింది.

"చాల్లే," అన్నాడు రామకోటి ఉలి పక్కన పెడుతూ. "ఏలూరు పోయే తొమ్మిదింటి బండి అందుకోవాలి."

కిందటి వానాకాలం నుంచి ఆ చెయ్యి భుజం పైకి లేవడం లేదు. జడ వేసుకోవాలంటే చేతిని తల దగ్గరకు తీసుకెళ్లే బదులు తలనే చేతి దగ్గరకు వంచుతోంది. ఆసుపత్రి కాంపౌండరు మర్దనా మందు ఇచ్చి, తాడు లాగడం మానెయ్యమన్నాడు. ఆమె తలూపి వచ్చి మర్నాడు మళ్లీ లాగింది. రామకోటి ఊరుకోలేక రైసుమిల్లులో బస్తాలు మోసే వాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టాడు. ఇద్దరివీ ఉక్కులాంటి చేతులు. బావిలో నీళ్లు తోడినట్టు ఒకే ఊపున లాగారు. మొదటివాడి రోజున రెండు కోళ్లు చీలిపోయాయి. రెండోవాడి రోజున ఉలి ఎగిరి రామకోటి మణికట్టు మీద గీసుకుపోయింది. ఆ సాయంత్రం అతను కట్టు కట్టించుకుంటూ, మోటారు తరిమెన కొందామన్నాడు. అంతకుముందు ఏడాదే ఆ వీధికి కరెంటు వచ్చింది. కొల్లేటి ఒడ్డున నూకరత్నానికి తండ్రి వాటాగా వచ్చిన పడవ ఒకటి ఉంది. దాన్ని తమ్ముడికి అమ్మేసి ఆ డబ్బు తెచ్చింది.

బండిలో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఒళ్లో తువ్వాల్లో చుట్టిన తుమ్మకర్ర ఒకటుంది. బాడిసతో కూడా చెక్కని, నాలుగు పలకల మొరటు ముక్క. మిషను కొనబోతూ అదెందుకని రామకోటి అడిగితే, ఉండనీ అంది. భీమడోలులో చేపల బుట్టలతో నలుగురు ఆడవాళ్లు ఎక్కారు. పెట్టెంతా కొల్లేటి వాసన నిండింది. ఆ వాసనకు ఆమె కాళ్లు వాటంతటవే కొంచెం ముందుకు చాపుకున్నాయి, పడవలో కూర్చున్నట్టు.

ఆమె పుట్టింది అక్కడే. రామకోటి ఆమెకు వరసకు మేనమామ. పెళ్లయ్యాక ఇద్దరూ వలలతోనే బతికారు. ఒక ఏడు వరద వచ్చి వలలు, గుడిసె పట్టుకుపోయింది. అప్పుడు యుద్ధం నడుస్తోంది. గూడెంలో విమానాల దిగుడు మైదానం కడుతున్నారంటే కూలికి వచ్చారు. ఆమె కంకర మోసింది. అతను గుడారాలకు మేకులు చెక్కే ఒక ముసలి వడ్రంగి దగ్గర చేరి పని నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయి దొరలు వెళ్లిపోయారు. వాళ్లు మాత్రం ఉండిపోయారు. ఒక్కగానొక్క కూతురు విజయకుమారిని పెంచి, రెండేళ్ల కిందట గణపవరంలో ఇచ్చారు. ఈ పద్నాలుగేళ్లలో తన పని ఏమిటని ఎవరైనా అడిగితే నూకరత్నం, "మా మావ తరిమెన పడతాడండి," అనేది. తన సంగతి చెప్పాలని ఆమెకు తోచేది కాదు.

ఏలూరు కాలవ గట్టున పాండురంగారావు గారి మిషన్ల దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన తెల్లటి బనీను మీద కండువా వేసుకుని, నూనె డబ్బాల మధ్య కూర్చుని ఉన్నారు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించి, వచ్చిన పని అడిగారు. వెనక గదిలోకి తీసుకెళ్లి రెండు మిషన్లు చూపించారు.

ఒకటి పెద్దది. బెజవాడలో ఏదో కార్ఖానా ఎత్తేస్తే కొన్నానన్నారు. ఆరడుగుల ఇనప దిమ్మ, కాళ్లు ఏనుగు కాళ్లలా ఉన్నాయి. రామకోటి దాని పక్కన వంగి, అరచేత్తో దిమ్మను ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరాడు. నాలుగడుగుల ఉయ్యాల స్తంభం దాని మీద పెట్టాక కూడా ఇంకా చోటు మిగులుతుంది. అతని మొహం చూసి నూకరత్నానికి తెలిసిపోయింది. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడు కూడా అలాగే మాట్లాడకుండా నిలబడతాడు.

రెండోది చిన్నది. బల్ల మీద బిగించుకునేది. కోయంబత్తూరు నుంచి ఈమధ్యే మూడు వచ్చాయట. దాని మీద రెండున్నర అడుగులకు మించి కర్ర పట్టదు. హైస్కూళ్లలో పిల్లలకు పని నేర్పడానికీ, ఇంట్లో సరదాకు చేసుకునే వాళ్లకీ బాగుంటుందన్నారు పాండురంగారావు గారు. రామకోటి దానివైపు ఒకసారి చూసి మళ్లీ పెద్దదాని దగ్గరకు వెళ్లాడు.

"తిప్పి చూపిస్తారా అండి?" అని అడిగింది నూకరత్నం. తువ్వాలు విప్పి తుమ్మకర్ర ఇచ్చింది.

పాండురంగారావు గారు కర్రను పెద్దదాని మొనల మధ్య బిగించి స్విచ్చి వేశారు. నాలుగు పలకల కర్ర దడదడమంది. నేల అదిరింది. గోడకు తగిలించిన బెల్టులు ఊగాయి. రెండు క్షణాలు తిరిగి, కర్ర మొనల్లోంచి ఊడి, మూలనున్న రేకుల మీద పడింది. ఎవరికీ తగల్లేదు. ఆయన స్విచ్చి తీసేసి, ముందు బాడిసతో పలకలు కొట్టి గుండ్రం చేసుకుని పెడితే ఇబ్బంది ఉండదన్నారు. రామకోటి అవునండీ, అది నేను చూసుకుంటానన్నాడు.

నూకరత్నం కర్ర తీసుకొచ్చి, దీని పరుగు తగ్గించడానికి వీలుందా అని అడిగింది. లేదన్నారు. అది చేసినవాళ్లు ఒకే పనికి, ఒకే వేగానికి చేయించుకున్నారట. ఆమె చిన్నదాని దగ్గరకు వెళ్లింది. దాని పక్కన ఒకదానికన్నా ఒకటి చిన్నగా, మెట్లలా అమర్చిన నాలుగు చక్రాలు ఉన్నాయి. కింద మోటారుకూ అలాంటివే నాలుగు, తలకిందులుగా. మధ్యన బెల్టు.

"ఇవెందుకండి నాలుగు?"

పాండురంగారావు గారు వేగం మార్చడానికమ్మా అని మొదలుపెట్టి, ఆడమనిషికి ఎలా చెప్పాలా అని ఆగారు. ఆమె వంగి బెల్టును వేలితో పైమెట్టు మీదకు జరిపి, చేత్తోనే ఒక చుట్టు తిప్పి చూసింది. తర్వాత కిందమెట్టుకు జరిపి మళ్లీ తిప్పింది.

"లావు కర్రకు తాడు చుడితే ఒక్క లాగుకు రెండు చుట్లే తిరుగుతుందండి," అంది. "సన్నదానికి చుడితే అదే లాగుకు ఆరేడు తిరుగుతుంది. ఇదీ అంతేనా?"

ఆయన "అంతేనమ్మా. అదే లెక్క," అన్నారు.

తుమ్మకర్రను చిన్నదాని మీద బిగించి, బెల్టు నెమ్మది మెట్టు మీద వేసి తిప్పారు. పలకలు డబడబమన్నాయి కానీ కర్ర మొనలు వదల్లేదు. రామకోటి సంచిలోంచి ఉలి తీసి ఆనించాడు. మూలలు ఒక్కొక్కటే రాలిపోయి కర్ర గుండ్రమైంది. వెనక్కి తిరగడమంటూ లేకపోవడంతో, ఉలి ఎత్తే అలవాటున్న అతని చెయ్యి మాటిమాటికీ ఊరికే పైకి లేస్తోంది. పని బాగుందని ఒప్పుకున్నాడు. కానీ ఉలి తుడుచుకుంటూ బయటికి నడిచి, దుకాణం మెట్టు మీద కాలవ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. కాలవలో గడ్డి పడవ ఒకటి మెల్లగా పోతోంది.

"ఉయ్యాల స్తంభం దాని మీద పట్టదు రత్నం."

"పట్టదు."

"నా పనంటే అదే కదా. మంచపుకోళ్లు ఎవడైనా చేస్తాడు."

ఆమె పడవ వంతెన కిందకు పోయేదాకా చూసింది.

"మావా, పనిలో ఉన్నప్పుడు నువ్వు ఎప్పుడూ నా వంక చూసింది లేదు. చూడాల్సిన అవసరం రాలేదు. ముడి వస్తే నేనే తగ్గించేదాన్ని. నునుపు తేలేటప్పుడు నేనే పెంచేదాన్ని. ఆ పెద్దదానికి ఇవేమీ తెలీవు. పది కోళ్లు బాగానే చేస్తావు, పదకొండోది నీ మొహం మీదకొస్తుంది. బస్తాలవాడి రోజున వచ్చినట్టే."

రామకోటి మణికట్టు మీద మచ్చను బొటనవేలితో రుద్దుకున్నాడు.

"స్తంభం రెండు ముక్కలుగా చేద్దాం," అందామె. "ఎలాగూ నడుమున గుబ్బ పెడతావు కదా. దాని కింద అతికితే ఎవరికీ కనపడదు."

అతుకు ఎలా వేయాలో, మేకు ఎంత పొడవుండాలో ఆలోచిస్తున్నాడని అతని వేళ్ల కదలిక చూసి ఆమెకు అర్థమైంది. చివరికి అడిగాడు.

"ఈ తగ్గించడాలూ పెంచడాలూ నీకు ఎప్పట్నించి తెలుసు?"

"నువ్వు మొదటి కోడు చీల్చుకున్న రోజు నుంచి."

రామకోటి నవ్వాడు. లేచి లోపలికి వెళ్లి, చిన్నదే తీసుకుంటామని చెప్పాడు. పాండురంగారావు గారు నడిపి చూసిన దాన్నే కట్టించబోతుంటే, "ఆవిణ్ణి ఒకసారి చూడనివ్వండి," అన్నాడు.

మూడింటినీ చూసింది నూకరత్నం. పెట్టెలు విప్పించి, ఒక్కొక్కదాన్నీ అన్నిటికన్నా వేగమైన మెట్టు మీద తిప్పించి, మొన వెనక ఇనుము మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంది. తాడు లాగేటప్పుడు కర్ర సరిగా కూర్చోకపోతే అరచేతుల్లో ఎలాంటి దురద పుడుతుందో ఆమెకు తెలుసు. మొదటిది వద్దంది. అందులో ఏదో వదులుగా ఉందంది. పాండురంగారావు గారు మూత విప్పి చూస్తే నిజంగానే ఒక మర బిగించలేదు. ఆయన దాన్ని పక్కన పెట్టారు. మూడోదాన్ని ఆమె ఇంకొంచెం సేపు పట్టుకుంది. అది వేడి పాలగిన్నెలా నెమ్మదిగా, ఒకే తీరున అదిరింది. ఇదివ్వండి అంది.

మర్నాడు మధ్యాహ్నానికి కరెంటు పనివాడు వచ్చి మోటారు బిగించి వెళ్లాడు. రామకోటి బల్ల ముందు నిలబడి కోడు ఒకటి మొదలుపెట్టాడు. నూకరత్నం అలవాటుగా ఎదురుగా కూర్చుంది. చెయ్యాల్సిందేమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ చేతులు ఊరుకోలేదు. మోటారు చప్పుడుకు తగ్గట్టు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి కొద్దికొద్దిగా కదులుతున్నాయి. వాటిని చూసుకుంటుంటే ఆమెకు ఉన్నట్టుండి భయం వేసింది. తన పని తనే వెతికి, ఏరి, కొని, ఇంటికి తెచ్చి బల్లకు బిగించుకుంది. ఇక తనెందుకు ఇక్కడ?

మోటారు ఆగింది. తలెత్తితే రామకోటి ఆమెనే చూస్తున్నాడు.

"ఇలా రా," అన్నాడు. పక్కకు జరిగి, తన చేతిలోని ఉలి ఆమె చేతిలో పెట్టాడు.

"నాకు చేతకాదు మావా."

"పద్నాలుగేళ్లు ఎదురుగా కూర్చుని చూశావు. నేను ఆ ముసలాయన దగ్గర చూసింది ఏడాదిన్నర."

ఆమె మొదటి కవ్వం వంకర పోయింది. రెండోది వాడుకోవడానికి పనికొచ్చింది. బల్ల నడుము ఎత్తునే ఉండేది కాబట్టి భుజం లేపాల్సిన పని లేదు. ఆరు నెలలకు మంచపుకోళ్లలో ఏది ఎవరిదో కొన్నవాళ్లకు తెలిసేది కాదు. రెండు ముక్కల ఉయ్యాల స్తంభాల్లో పైముక్క ఆమె చేసేది, కిందిముక్క అతను. అతుకు వేసేటప్పుడు ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. అవి సరిగ్గా కూర్చునేవి.

అలా రెండేళ్లు గడిచాయి. మూడో ఏడు కార్తీకంలో రామకోటికి జ్వరం వచ్చింది. ఏలూరు ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. నాలుగో రోజు ఉదయం కొంచెం గంజి తాగి, ఏ కోళ్లు ఎవరికి ఇవ్వాలో ఆమెకు మరోసారి చెప్పి, నిద్రపోతానని పక్కకు తిరిగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

కర్మకాండ అయ్యాక విజయకుమారి తల్లిని గణపవరం వచ్చెయ్యమంది. నూకరత్నం వస్తూపోతూ ఉంటానంది. మాఘంలో పెళ్లిళ్లున్నాయి, కోళ్లకు మాట ఇచ్చి ఉన్నామంది. కూతురు బలవంతం చేయలేదు.

పుష్యమాసంలో ఉండి ఊరి నుంచి వెంకట్రాజు అనే రైతు వచ్చాడు. మనవరాలు పుట్టిందట, ఉయ్యాల కావాలట. పంచలో నిలబడి, తరిమెన పట్టే ఆయన ఎక్కడమ్మా అని అడిగాడు.

"ఆయన లేరండి," అంది నూకరత్నం. "పట్టేది నేనేనండి."

వెంకట్రాజు గోడకు ఆనించిన కోళ్ల దగ్గరకు వెళ్లాడు. ఒకదాన్ని ఎత్తి, వెలుతురుకు పట్టి తిప్పాడు. గుబ్బ కింద వేలితో నిమిరాడు. దాన్ని జాగ్రత్తగా తిరిగి పెట్టి, ఉయ్యాల ఎంత ఎత్తు ఉండాలో చేత్తో చూపించాడు.

అతను వెళ్లాక ఆమె టేకుకర్ర ఒకటి ఏరుకుని బల్ల మీద పెట్టింది. బెల్టు నెమ్మది మెట్టు మీదకు జరిపింది. కొలత గుర్తు పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసింది. తలకు తగిలేంత కిందుగా ఉన్న తాటాకు చూరులో, రామకోటి దోపి వదిలేసిన ఎర్ర పెన్సిలు ముక్క కనపడింది. అది బొటనవేలంతే ఉంది. ఒక కొసన అతని పళ్ల గాట్లు, రెండో కొసన అతను చెక్కి పెట్టిన, ఇంకా అరగని ములుకు.