రెండో బ్రేకు

మా అన్నయ్య గొంతు వాళ్ళింటి ల్యాప్‌టాప్‌లో ఉంది. మాటవరసకి అంటున్నది కాదు. మొన్న వానాకాలంలో ఆపరేషన్ చేసి ఆయన స్వరపేటిక తీసేశారు. అంతకు ముందే, మాట నేర్పే డాక్టరమ్మ ఓ కాగితాల కట్ట చేతిలో పెట్టి, అందులోని వాక్యాలన్నీ చదివి రికార్డు చేసుకోమంది. ఆ తరవాత ఆయన ఏం టైపు చేసినా కంప్యూటరు ఆయన గొంతుతోనే పలుకుతుందట. అన్నయ్య చదివాడు, వదిన రికార్డు చేసింది. "కుర్చీ కిటికీ పక్కన ఉంది" లాంటి వాక్యాలు. అవి చదవడం కన్నా విసుక్కోవడమే ఎక్కువ చేశాడట.

ఫోన్లలో ఆయన మాట్లాడినవి ఒకటీ అరా ఉన్నాయి కానీ, అన్నీ కారు హారన్ల మధ్య కేకలే. రోజూ చెవిలో పడే గొంతును ఎవరు దాచుకుంటారు? కాబట్టి ఉన్నదల్లా ఆ రికార్డింగులే. అవి పోతే మళ్ళీ చదవడానికి గొంతు లేదు.

చిక్కెక్కడొచ్చిందంటే, డాక్టరమ్మ ఇచ్చిన ప్రోగ్రాం, విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో మాత్రమే నడుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దాన్ని తీసెయ్యడానికి లేదు, అన్నయ్య డ్రైవింగ్ స్కూలు పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ పెట్టాలి. ఆ పని నా నెత్తిన పడింది. నేను ఆఫీసుల్లో ప్రింటర్లు బాగుచేస్తాను. ప్రింటరూ కంప్యూటరూ ఒకే బల్ల మీద ఉంటాయి కాబట్టి రెండూ నాకు కొట్టినపిండి అని మావాళ్ళ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెప్పుడూ చెడగొట్టలేదు.

ముందు వారం వెళ్ళి అంతా చూసి వచ్చాను. లోపల సి, డి అని రెండు భాగాలున్నాయి. సి నిండా సామాను. డి సి కన్నా పెద్దది, ఖాళీ, కొన్ననాటి నుంచీ దాని జోలికి ఎవరూ పోలేదు. నా పని సగం అయిపోయినట్టే అనుకున్నాను. విండోస్ సిలో ఉంటుంది, లినక్స్ డిలో కూర్చుంటుంది, ఒకరి గొడవ ఒకరికి ఉండదు. వచ్చేముందు ఓ చిన్న హార్డ్‌డిస్క్ డబ్బా బల్ల మీద పెట్టి, "వదినా, నేను మళ్ళీ వచ్చేలోపు ఆ రికార్డింగులన్నీ వేరే చోట భద్రంగా పెట్టు" అని చెప్పాను. వదిన సరేనంది.

ఆదివారం భోజనాలయ్యాక వెళ్ళాను. బల్ల మీద డబ్బా కనిపించలేదు.

"మార్చేశావా వదినా?"

"ఏనాడో అయింది. నువ్వు చెప్పాక ఊరుకుంటానా?" అంటూ ఇస్త్రీ బట్టల ముందు కూర్చుంది.

వదిన కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. వందల జతల అద్దాలు ఏది ఎక్కడుండాలో అక్కడే ఉంచే మనిషి. ఇంట్లో ఒకే వస్తువు రెండు చోట్ల కనబడితే ఆవిడకి నిద్ర పట్టదు. ఆవిడ మార్చేశానందంటే ఇక నేను చూడక్కర్లేదనుకున్నాను. అడిగి తెలుసుకుంటే నా సొమ్మేం పోయేది?

అన్నయ్య నా వెనక కుర్చీలో కూర్చున్నాడు, ఒళ్ళో తెల్ల పలక, చేతిలో స్కెచ్ పెన్ను. మెడ చుట్టూ పల్చటి గుడ్డ. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉండటం నాకు ఇంకా అలవాటు కాలేదు. వెనకటికి ఆ ఇంట్లో మూడు గదుల అవతల ఉన్నా ఆయన మాట వినపడేది. "ఏమండీ, కాస్త మెల్లగా. పక్కింటివాళ్ళకీ నేర్పుతున్నారా డ్రైవింగు?" అని వదిన రోజుకోసారైనా అనేది.

పక్క సీట్లో కూర్చుని అరవడమే ఆయన ఉద్యోగం. నాకు కారు నేర్పిందీ ఆయనే. నేర్పే కారులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేనేదైనా వెధవపని చేయబోతే ఆయన కాలు దబ్బుమని దాని మీద పడేది. కారు ఆగేది, నా పై ప్రాణాలు పైనే పోయేవి. ఆ చప్పుడు వినగానే నా రెండు చేతులూ స్టీరింగు మీంచి గాల్లోకి లేచిపోయేవి. "బ్రేకు నేను వేస్తే నువ్వు చేతులెందుకు ఎత్తుతావురా? దొంగవా?" అని దానికి వేరే తిట్లు. ఎంత తిట్టినా ఆ అలవాటు పోలేదు.

లినక్స్ ఎక్కించి తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ మళ్ళీ ఆన్ చేశాను. మొదటిసారి తెర నల్లగా అయి అలాగే ఉండిపోయింది. వెనక పలక మీద పెన్ను కిర్రుమంది. తిరిగి చూస్తే "చచ్చిందా?" అని రాసి ఉంది.

"చావలేదు, ఆలోచిస్తోంది" అన్నాను బింకంగా.

ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి లినక్స్ పలికింది. ఏ భాష, ఏ కీబోర్డు అని అడుగుతూ పోయి, చివరికి నన్నెక్కడ పెడతావని అడిగింది. ఇక్కడ సి, డి అని పేర్లుండవు, అన్నీ అంకెలే. సైజులు చూసి పోల్చుకోవాలి. కాగితం మీద రాసుకున్న సైజుతో సరిచూసి, పెద్దదాన్ని ఎంచుకుని, దాన్ని తుడిచెయ్యమని గుర్తు పెట్టాను. ఇంకోసారి సరిచూశాను. పొరపాటున విండోస్ ఉన్న భాగాన్ని తుడిస్తే కొంప మునుగుతుంది. నా భయమంతా దాని గురించే.

తెర మధ్యలో ఓ చిన్న పెట్టె వచ్చింది. ఈ భాగంలో ఉన్నదంతా చెరిగిపోతుంది, తిరిగి రాదు, కొనసాగించమంటావా అని. ధైర్యం కోసం పైకే అనుకున్నాను.

"అదే అన్నయ్యా, విండోస్‌లో డి అని కనిపించేది ఇదే. దీన్ని తుడిచేస్తున్నా."

మౌస్‌తో బాణం గుర్తు బొత్తాం మీదికి తెచ్చాను. వేలు వంచాను.

దబ్బుమని నేల అదిరింది.

నా రెండు చేతులూ గాల్లోకి లేచిపోయాయి. మౌస్ బల్ల మీంచి జారి వైరుకి వేలాడింది. తిరిగి చూస్తే అన్నయ్య కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. పలక ఎక్కడో పడింది. కుడికాలు ఇంకా నేలని తొక్కిపట్టే ఉంది. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. అరుస్తున్నాడు. చప్పుడు లేదు.

వదిన ఇస్త్రీపెట్టె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఏం చేశావు?"

"వదినా, రికార్డింగులు ఎక్కడ పెట్టావు?"

"నువ్వేగా వేరే చోట పెట్టమన్నావు? డి ఖాళీగా ఉందిగా, అందులో పెట్టాను. ఈయన పక్కనే ఉన్నారు కూడాను."

"మరి ఆ డబ్బా?"

"నీ వస్తువు పోతుందేమోనని బీరువాలో దాచాను."

"సిలో కూడా ఉన్నాయి కదా? కాపీయేగా చేశావు?"

"రెండు చోట్ల ఎందుకని అక్కడ తీసేశాను" అంది. అప్పుడు అర్థమైంది ఆవిడకి. ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను తెర వంక చూశాను. ఆ పెట్టె ఇంకా అక్కడే ఉంది. కానీ మౌస్ పడినప్పుడు బొత్తాం నొక్కుకుందేమో, లోపల తుడవడం మొదలైందేమో, నాకెలా తెలుస్తుంది? నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. టచ్‌ప్యాడ్ మీద వేలితో తడుముకుంటూ వెనక్కి వెళ్ళాను, బయటికి వచ్చాను, పెన్‌డ్రైవ్ పీకేశాను. విండోస్ మొదలవుతూ తెర మీద ఆ సున్నా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది. అన్నయ్య చెయ్యి నా భుజం మీద పడింది. అది నాకు ధైర్యం చెప్పడానికో, ఆయన పడిపోకుండా పట్టుకోవడానికో తెలియలేదు. ముగ్గురం నించునే ఉన్నాం.

డి తెరిచాను. ఫోల్డరు ఉంది. లోపల వరసగా ఫైళ్ళున్నాయి.

"పేర్లు ఉంటే సరిపోదు. వినిపించు" అంది వదిన.

ఒకటి నొక్కాను. "కుర్చీ కిటికీ పక్కన ఉంది" అన్నాడు అన్నయ్య, గదంతా నిండేలా. ఆ వెంటనే, "ఇవి ఎవడు రాశాడో గానీ వాడికి పనీపాటా లేదు" అన్నాడు. వదిన కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. అన్నయ్య వంగి పలక తీసుకుని, మా ఇద్దరి వంకా చూసి, దాని మీది రాత తుడిచేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

బీరువాలోంచి డబ్బా వచ్చింది. అందులోకి ఒక కాపీ, నా దగ్గరున్న ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, సిలో ఒక కాపీ. "ఇన్ని చోట్లా?" అని వదిన ఈసారి అడగలేదు. పైగా ఇంకోటి దుకాణంలో పెట్టుకుంటానంది. అన్నిట్లోనూ వినిపించి చూపించాకే డి మీద చెయ్యి వెయ్యనిచ్చారు. ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే ఏది కావాలని అడుగుతుంది. మాస్టారు కావాలంటే విండోస్, ఆయన గొంతు కావాలంటే లినక్స్.

ప్రోగ్రాం ఆ గొంతును నేర్చుకోవడానికి ఆ పూటా, మర్నాడు పొద్దున్నా పట్టింది. పని ఎగ్గొట్టి వెళ్ళాను. అన్నయ్య రెండు వేళ్ళతో కీబోర్డు మీద వెతుక్కుంటూ టైపు చేశాడు. వదిన దుకాణానికి చెప్పులేసుకున్నదల్లా గుమ్మంలో ఆగింది.

"ఒరేయ్, బ్రేకు వేశాను. ఇక చేతులు దించరా" అంది ల్యాప్‌టాప్. మాటల మధ్య కాస్త తడబాటుంది. గొంతు మాత్రం ఆయనదే.

నేను నవ్వబోయి వదిన వంక చూశాను. ఆవిడ చెప్పులతోనే లోపలికి వచ్చి ఆయన పక్కన నించుంది.

"ఏమండీ, కాస్త గట్టిగా పెట్టండి" అంది.

సౌండు అప్పటికే నిండుగా ఉంది.