తీసేసింది కూడా వినాలి

ఆవిడ గొంతు ఊళ్ళో సగం మందికి తెలుసు, మొహం మాత్రం ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళు బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది అసలు రాదో, రెండూ ఒకే మర్యాదతో చెప్పింది. పోయినేడాది ఆ పని యంత్రానికి అప్పజెప్పి, ఆవిడ చేతిలో ఒక గోడ గడియారం పెట్టి పంపించేశారు. ఇక టైముతో పనిలేని మనిషికి గడియారం ఇవ్వాలన్న ఆలోచన ఎవరిదో గానీ, ఆ మహానుభావుడికి దండం పెట్టాలి.

ఆవిడ భర్తకి ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టుంది. భార్య ఉద్యోగం పోయిన మర్నాడే కౌంటరు వెనక మెత్తని కుర్చీ ఒకటి వేయించాడు. బలవంతమేమీ లేదన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రోజుకి పదిసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఆయన ఇష్టమే జరుగుతుంది.

ఈసారి మాత్రం అలా జరగలేదు. పుస్తకాలను ఆడియోగా తయారుచేసే కంపెనీ ఒకటి ఆవిడ గొంతు విని, ఒక నవల మొదటి అధ్యాయం చదివి పంపమంది. నచ్చితే మిగతా పంతొమ్మిదీ ఆవిడవే. ఎగిరి గంతేసి చదివి పంపింది. శనివారం అది తిరిగొచ్చింది. కంపెనీలో శబ్దం పరీక్షించే ఆమె రాసిన చీటీ కూడా వచ్చింది: "మీ గొంతు చాలా బాగుంది. మీ ఫ్యానూ, మీ వీధిలో లారీలూ కూడా బాగానే చదివాయి. మళ్ళీ రికార్డు చేసి, మేం పంపే ప్లగిన్‌తో శుభ్రం చేసి, శుక్రవారం సాయంత్రం ఐదులోగా పంపండి. లేదంటే వేరేవారిని చూసుకుంటాం."

ప్లగిన్ అంటే సొంతంగా నిలబడలేని బుల్లి ప్రోగ్రాం. పెద్ద సాఫ్ట్‌వేర్‌లో అద్దెకు దిగితే తప్ప పనిచేయదు. ఆవిడ దగ్గరున్న ఉచిత రికార్డరేమో అద్దెకిచ్చే రకం కాదు. కాబట్టి ప్లగిన్లను రానిచ్చేదీ, తన చేతికి అందేదీ అయిన సాఫ్ట్‌వేర్ ఒకటి కావాలి, అదీ ఆరు రోజుల్లో.

"తమ్ముడికి చెప్తాను, వాడు చూసుకుంటాడు" అన్నాడు భర్త, అడక్కుండానే. ఆ మంచితనానికి ఆవిడ మనసు నిజంగానే కరిగిపోయింది.

మరిది ఒకప్పుడు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని బయటికి లాగాడు. ఆనాటి నుంచీ ఇంట్లో ఆయనే కంప్యూటర్ నిపుణుడు. మిగతా ఉద్యోగాలేవీ ఆయన స్థాయికి తగక, ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్క హోదాలోనే కొనసాగుతున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పడగ్గదిలో బీరువా తలుపులు తీసి, దుప్పట్లు వేలాడదీసి, వాటి మధ్య తల దూర్చి అధ్యాయమంతా మళ్ళీ చదివింది. గాలాడక చచ్చిపోతానేమోనని గది తలుపు ఓరగా తీసి ఉంచింది. అన్నదమ్ములిద్దరూ హాల్లో మాట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గించే మాట్లాడుకుంటున్నారులే అని మురిసిపోయింది. ఒకసారి చదవడం మొదలుపెట్టాక ఆవిడకి తన గొంతు తప్ప ఇంకేమీ వినపడదు. బస్‌స్టేషన్ అలవాటు అది.

సోమవారం మరిది మొదటి సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. దాని ధర చూసి ఆవిడకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"సినిమాలవాళ్ళు వాడేది వదినా ఇది!"

"నేను సినిమా తియ్యట్లేదు కదయ్యా."

"క్వాలిటీ కావాలంటే తప్పదు మరి. మీ ఇష్టం" అన్నాడు. ఆ మాట వంశపారంపర్యం కాబోలు.

మంగళవారం తెచ్చినది పూర్తిగా ఉచితం. అందులో ప్లగిన్లు పెట్టే చోటు కోసం ఆవిడ పూటంతా వెతికింది. లేదు. "అదొక్కటే లోపం, మిగతాదంతా బంగారం" అన్నాడాయన. గుర్రం కావాలన్నవాళ్ళకి జీను అమ్మి పంపే రకం. బుధవారం ఎవరో స్నేహితుడు తాళం పగలగొట్టి ఇచ్చిన దొంగ కాపీ తెచ్చి ఎక్కించాడు. దాంతో పాటు జుట్టు మొలిపించే నూనెల ప్రకటనలు నాలుగు వందలు లోపలికొచ్చాయి. కంప్యూటరు గురువారం సాయంత్రం దాకా మంచాన పడింది. అధ్యాయాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లో దాచుకోబట్టి బతికిపోయింది.

"ఇంత తక్కువలో ప్లగిన్లు పట్టే సాఫ్ట్‌వేర్ ప్రపంచంలోనే లేదు వదినా. నేనంతా వెతికేశాను" అని తేల్చి, చేతులు దులుపుకుని భోజనానికి కూర్చున్నాడు. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. ప్రపంచమంతా వెతికిన మనిషికి ఆకలి వేస్తుంది మరి.

శుక్రవారం పొద్దున్న భర్త కొట్టుకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "రాకపోతే మనసు కష్టపెట్టుకోకు. కుర్చీ ఎక్కడికీ పోదు" అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆయన వెళ్ళాక ఆవిడ కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, కాగితం తీసుకుని మూడు గడులు గీసింది: ఎంత, ప్లగిన్ పడుతుందా, కొనేముందు వాడి చూడనిస్తారా. పదకొండేళ్ళు బస్సుల పట్టికలు చదివిన మనిషికి గడుల్లో వెతకడం కొత్త కాదు. ప్రపంచమంతా గాలించడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. మంచి చెప్పుల జత కొన్నంతలో వచ్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. ఏ ప్లగిన్ వచ్చి తలుపు తట్టినా రానిస్తుంది. రెండు నెలలు ఊరికే వాడుకోమంటుంది. ఊరికే వాడుకోబుద్ధికాక ఆవిడ అప్పటికప్పుడే కొనేసింది.

కంపెనీ ప్లగిన్ ఎక్కించి మీట నొక్కింది. ఫ్యాను పోయింది, లారీలు పోయాయి. తన గొంతు ఒక్కటే, కడిగిన గాజుగ్లాసులా మిగిలింది. సంతోషంతో ఆవిడకి ఒళ్ళు ఝల్లుమంది. పంపేద్దామనుకుంటుండగా ప్లగిన్‌తో పాటు వచ్చిన సూచనల చివరి వాక్యం కంటబడింది: "ప్లగిన్ ఒక్కోసారి మీ మాటల చివర్లు కూడా చప్పుడే అనుకుని తీసేస్తుంది. కాబట్టి పంపేముందు, తీసేసింది కూడా మొత్తం వినాలి." దానికి వేరే మీట ఉంది. అది నొక్కితే గొంతు మాయమై, పారేసిన చప్పుళ్ళు మాత్రమే వినిపిస్తాయి.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సౌండు పెంచి వినసాగింది. ఫ్యాను. లారీ. ఎక్కడో కుళాయి. పదకొండో నిమిషంలో హాల్లోంచి భర్త గొంతు, దూరంగా ఉన్నా ప్రతి మాటా తెలిసేలా.

"శుక్రవారం దాకా ఏవో ఒకటి తెచ్చి పడేస్తూ ఉండు. పనికొచ్చేది మాత్రం తేకు."

"వదిన కనిపెట్టేస్తే?"

"దానికేం తెలుసురా? గడువు దాటితే వాళ్ళే వద్దంటారు. ఏడ్చి ఊరుకుంటుంది. సోమవారానికల్లా కౌంటర్లో కూర్చుంటుంది. నేను కాదన్నట్టూ ఉండదు."

తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. అవే క్షణాల్లో బీరువాలో తల పెట్టుకుని, చెమటలు కారుతూ తను చదువుతూ ఉంది. అయినా హెడ్‌ఫోన్లు తియ్యలేదు. మొత్తం వినాలన్నారు కాబట్టి చివరిదాకా విన్నది. రెండుచోట్ల తన మాటల చివర్లు నిజంగానే తెగిపోయాయి. వాటిని సరిచేసింది. నాలుగూ నలభైకి పంపింది.

ఐదుంబావుకి జవాబొచ్చింది: "చాలా శుభ్రంగా ఉంది. మిగతా పంతొమ్మిదీ మీవే."

ఆరింటికి అన్నదమ్ములిద్దరూ ఓదార్చే మొహాలు తగిలించుకుని ఇంటికొచ్చారు. విషయం చెప్పింది. భర్త తడబడింది ఒక్క క్షణమే. "చూశావా! నేను చెప్పానా, వీడు వెనకుంటే అయిపోతుందని!" అంటూ తమ్ముడి భుజం తట్టాడు. తమ్ముడు కూడా సిగ్గులేకుండా సిగ్గుపడ్డాడు.

"మీరొకసారి వినండి" అని ఆవిడ హెడ్‌ఫోన్లు భర్త చెవులకు పెట్టింది. పదకొండో నిమిషం దగ్గర మీట నొక్కింది.

ఆయన విన్నాడు. నవ్వు ఆగిపోయింది, మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడింది. తప్పయిపోయిందంటాడేమో, కనీసం తలైనా దించుకుంటాడేమోనని నిజంగానే ఎదురుచూసింది. ఇన్నేళ్ళ కాపురం మీద ఆ మాత్రం ఆశ మిగిలే ఉంది.

ఆయన హెడ్‌ఫోన్లు తీసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇది గానీ కంపెనీవాళ్ళకి పంపావా?"

"లేదండీ. వాళ్ళకి శుభ్రమైనదే పంపాను" అంది ఆవిడ. "ఇది నా దగ్గరే ఉంటుంది."